నిమ్మలమైన జాగ

తాళం వేసిన తర్వాత ఒకసారి లాగి చూడకుండా వెళ్లిపోయే మనుషులంటే నాకు నమ్మకం లేదు. కూరగాయల బండివాడు తూకం వేస్తుంటే నా చూపు ముల్లు మీద ఉండదు, అతని చిటికెన వేలి మీద ఉంటుంది. ఫోనులో ఎవరైనా మరీ మర్యాదగా మాట్లాడితే వెంటనే పెట్టేస్తాను. సిద్దిపేటలో మా వీధిలోకి ఎవరైనా కొత్తగా కిరాయికి దిగితే, వాళ్లు సామాన్లు దించుకునేలోపే నేను కిటికీ పక్కన కుర్చీ వేసుకుంటానని పక్కింటివాళ్లు నవ్వుకుంటారట. నవ్వుకోనీ, నాకేం? "నీకు దేవుడు కండ్ల జాగల అనుమానం పెట్టిండమ్మా" అంటుంది మా అమ్మాయి సుజాత. కావచ్చు. కానీ ఇది నేను బజార్లో కొనుక్కొచ్చిన గుణం కాదు, మా బాపమ్మ నుంచి వచ్చింది. బాపమ్మంటే మా బాపును, అంటే మా నాన్నను, కన్న తల్లి. ఆమె ముందు నా అనుమానం ఏ మూలకు?

సుజాత కూతురు నిత్య హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే సంచి భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చింది. వచ్చిన పిల్ల అన్నం తిని కాసేపు నడుం వాల్చకుండా, అటక మీది పాత పెట్టె దించుకుని గెలుకుతుంటే నాకు అప్పుడే అనుమానం తగిలింది. నేను గోరుచిక్కుడుకాయలు తుంచుతూ గడప దగ్గర కూర్చున్నాను.

"ఏం దేవులాడుతున్నవే?" అన్నాను.

"మంచి తువ్వాల అమ్మమ్మా. పాతది, పెద్దది, నూలుది. నేను, మా దోస్తులు బీచ్‌కు పోతున్నం."

"బీచంటే?"

"సముద్రం, అమ్మమ్మా. బాపట్ల దిక్కు."

నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. తర్వాత నోరు తెరిచానంటే ఇక ఆపలేదు. ఎవరెవరు పోతున్నారు, దేంట్లో పోతున్నారు, ఎక్కడ దిగుతారు, ఆ ఇల్లు ఎవరిది, తలుపు గడియ లోపలి నుంచి పడుతుందో లేదో ఎవరైనా చూశారా, అక్కడి చేపలు ఎప్పటివో ఎవరికి తెలుసు, ఎండదెబ్బ తగిలితే దవాఖాన ఎంత దూరం. నిత్య ఏమాత్రం విసుక్కోలేదు. పెట్టెలోంచి తల ఎత్తకుండానే వరసగా జవాబులు చెప్పింది. "అందరం ఆడపిల్లలమే. రైల్ల పోతం. రూమ్ ఫొటోలు చూసినం, పోయొచ్చినోళ్లందరు మంచిగనే ఉన్నదని రాసిన్రు."

"రాసినోళ్లు నీకెర్కేనా?"

"అయ్యో అమ్మమ్మా! ఎండకు పూసుకునే క్రీము తీసుకున్న. టోపీ ఉన్నది. నీళ్ల బాటిళ్లు ఉన్నయి. నేను ఏడున్ననో మమ్మీ ఫోన్ల కనవడుతనే ఉంటది. గాడ నీళ్లల్ల దిగినోళ్లను చూసుకునెతందుకు మనుషులుంటరు. ఎర్ర జెండా పెడితె దిగం. ఇంకేం గావాలె చెప్పు?"

ఇంకేం కావాలో నాకు తెలుసు. కానీ అది చెప్పాలంటే ముందు ఒక పేరు చెప్పాలి. ఆ పేరు మా ఇంట్లో పైకి పలికి ఎన్నేళ్లయిందో. అందుకని ఎవరైనా చెప్పే మాటే నేనూ చెప్పాను. అలల జోలికి పోకు, అలలు పెద్దగా లేస్తున్న కాడ అసలే దిగకు, అల కనబడితే ఎనకకు రా. అదే మాట అటు తిప్పీ ఇటు తిప్పీ చెబుతూనే ఉన్నాను. "సరే, అలలు లేని సముద్రం దేవులాడుకుంట తియ్యి" అని నవ్వింది పిల్ల.

అంతలో పెట్టె అడుగు నుంచి నీలం అంచు తువ్వాల బయటికి లాగింది. "గిది మస్తుంది!" అని భుజాల మీద కప్పుకుంది. నేను లేచిన వేగానికి ఒళ్లో కాయలన్నీ కింద పడిపోయాయి. ఆమె భుజాల మీది నుంచి తువ్వాల లాక్కున్నాను. "గది వద్దు" అన్నాను. ఎందుకని అడిగింది. పాతది, చినుగుతది అన్నాను. నిత్య నావైపు కాసేపు తల వంచి చూసింది. మా బాపమ్మ చూపు అది, తరాలు దాటి నా మనవరాలి ముఖంలోకి వచ్చి కూర్చుంది. వేరే తువ్వాల తీసుకుని తెల్లారి హైదరాబాదు బస్సెక్కింది.

ఆ తువ్వాల నేసింది మా లచ్చత్త. బాపుకు చెల్లెలు, నాకు మేనత్త. సుజాతకుగానీ, నిత్యకుగానీ నాకొక మేనత్త ఉండేదని తెలియదు. నేను సముద్రం చూశాననీ తెలియదు.

మాది మగ్గాల ఇల్లు. ముందు గది మొత్తం గుంటమగ్గానిదే. బాపు గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే, బయటి నుంచి చూసేవాళ్లకు మనిషి నడుం వరకూ నేలలో దిగినట్టు కనిపించేవాడు. మేం తినేదీ, పడుకునేదీ, పోట్లాడుకునేదీ వెనక గదిలో. ఇల్లంతా గంజి వాసన, తడినూలు వాసన. ఎండాకాలం వస్తే ఇంకో వాసన కలిసేది. పొద్దెక్కకముందే వీధిలో పడుగు సాగదీసి గంజి పట్టించేవాళ్లు కదా, ఎండ ముదిరే వేళకు ఆ దారాల నుంచి మాడీ మాడని అన్నం వాసన వచ్చేది. నాకు అదంటే చచ్చేంత ఇష్టం. దారాల కింద దూరి ఇటు నుంచి అటు పోతుంటే బాపు కేకలేసేవాడు. లచ్చత్త నా జడ పట్టుకుని బయటికి లాగేది.

లచ్చత్త రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ తనలో తాను మాట్లాడుకునేది. తెగిన దారాన్ని తిట్టేది, తెగనిదాన్ని మెచ్చుకునేది. పైవరుసలో పన్ను మీద పన్ను ఉండేది ఆమెకు. అందుకే నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకునేది. అరచెయ్యి అడ్డమున్నా కళ్లలో నవ్వు దాగేది కాదు. పొద్దున్నే నన్ను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, తల ముందుకు కదలనివ్వకుండా, కనుబొమ్మలు పైకి లాగినంత గట్టిగా జడ వేసేది. "ఏడిస్తే ఇంకింత గట్టిగేస్త" అని బెదిరించేది. ఆ బెదిరింపు కోసమే నేను ఏడ్చేదాన్ని. మా అమ్మ ఆ ఎండాకాలం కాన్పుకు పుట్టింటికి పోయింది. అమ్మ లేదన్న బెంగ నాకు ఒక్క పూటైనా కలగలేదు, లచ్చత్త ఉంది గనుక.

రంగు వేసిన నూలును చెరువుకు తీసుకుపోయి జాడించడం ఆడవాళ్ల పని. లచ్చత్త చిలపలన్నీ, అంటే ఆ నూలు చుట్టలన్నీ, గంపలో పెట్టుకుని పోయేది, వెనకాల నేను. నూలు జాడించడానికి ఎక్కడపడితే అక్కడ దిగకూడదు. గాలికి నీళ్లు కదిలేచోట ముంచితే చిలప చిక్కుపడుతుంది, చిక్కుపడితే ఇక ఆ పూటంతా దాన్ని విప్పడానికే సరి. అందుకని బాపమ్మ ఇంట్లోంచే కేకేసేది: "నిమ్మలమున్న జాగ చూసి దిగుండ్రి!" మా వైపు నిమ్మలమనే మాట పెద్దమాట. నీళ్లు కదలకుండా ఉంటే నిమ్మలం. జ్వరం తగ్గితే నిమ్మలం. వీధిలో ఇద్దరు ఎదురుపడితే మొదటి ప్రశ్న, అంతా నిమ్మలమేనా అనే. లచ్చత్త గట్టు మీద నిలబడి చేయి అడ్డం పెట్టుకుని నీళ్లన్నీ చూసి, ముడత లేని చోటు ఏరుకుని దిగేది. ఆమె కన్ను ఎన్నడూ తప్పలేదు. ఆమె జాడించిన చిలప ఒక్కటీ చిక్కుపడగా నేను చూడలేదు.

ఇక బాపమ్మ సంగతి. బియ్యం డబ్బాలో తాళంచెవులు దాచేది, ఎక్కడ దాచిందో మరిచిపోయి ఇంట్లో అందరినీ అనుమానించేది. పక్కింటి నుంచి కూర వస్తే ముందు వాసన చూసేది, తర్వాత తెచ్చిన మనిషి ముఖం చూసేది, ఆ తర్వాతే గిన్నె తీసుకునేది. ఎవరైనా నన్ను ముద్దుగా ఉన్నానంటే వాళ్ల వీపు కనబడగానే నాకు దిష్టి తీసేది. తెలియని మనిషి చేయి ఊపాడంటే ఏదో అడుగుతాడు, నవ్వాడంటే ఏదో తీసుకుపోతాడు. ఇదీ ఆమె లోకం. మేమూ ఆ లోకంలోనే పెరిగాం, అందులో తప్పేమీ కనిపించలేదు.

కాక, అంటే బాపు తమ్ముడు నర్సింలు, బొంబాయి దగ్గరి భీవండిలో సాంచల మీద పనిచేసేవాడు. సాంచలంటే కరెంటుతో నడిచే మగ్గాలు. ఆ ఎండాకాలం ఒక పెళ్లికి ఊరికొచ్చి, తిరిగిపోతూ బాపమ్మను పట్టుకుని వదల్లేదు. "అవ్వా, ఎన్నడన్న నేనుండే అర్ర చూసినవా? లచ్చిమిని, రాజీని తీసుకొని రా. సముద్రం చూపిస్త. ఒక్కపారి చూస్తె జన్మల మరువవు." రాజీ అంటే నేనే. బాపమ్మకు సముద్రం మీదా నమ్మకం లేదు, భీవండి మీదా లేదు. అయినా కొడుకు ఏ తిండి తింటున్నాడో కళ్లారా చూడాలనే అనుమానం కొద్దీ ఒప్పుకుంది. లచ్చత్త ఆనందం చూడాలి! మగ్గం ఖాళీగా ఉన్న పొద్దుల్లో కూర్చుని ఈ నీలం అంచు తువ్వాల నేసింది. సముద్రం నీలంగా ఉంటుందని ఎవరో చెప్పారట, దానికి జత కుదరాలట.

ప్రయాణానికి బాపమ్మ సిద్దిపేట నీళ్లే బిందెలో పోయించుకుంది, బిందె మూతికి గుడ్డ కట్టింది. జొన్నరొట్టెలు, మామిడికాయ తొక్కు, సర్వపిండి, అన్నీ ఒక మూట. ఆ మూట ఆమె చంకలోంచి దిగలేదు. రైల్లో నిద్రపోతున్నా చెయ్యి దాని మీదే. ఎదుటి సీటు ఆయన నాకు బిస్కెట్టు ఇస్తే లాక్కుని కిటికీలోంచి పారేసింది. ఆయన బిత్తరపోయి అటు తిరిగి కూర్చున్నాడు. లచ్చత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని స్టేషన్లు స్టేషన్లు దాటేదాకా నవ్వుతూనే ఉంది.

భీవండిలో సాంచల చప్పుడుకు మా బాపమ్మ గొంతు మొదటిసారి ఎవరికీ వినబడలేదు. కాక సెలవు దొరకగానే మమ్మల్ని సముద్రానికి తీసుకుపోయాడు. రైలు, ఆ తర్వాత బస్సు, ఆ తర్వాత నడక. ఆ ఊరి పేరు నాకు అప్పుడూ నోరు తిరగలేదు, తర్వాత ఎవరినీ అడగలేదు. కొబ్బరిచెట్లు దాటగానే ఎదురుగా నీళ్లు. నేను లచ్చత్త కొంగు పట్టుకున్నాను. ఆ హోరు, ఆ తెల్లటి నురగ, మనిషంత ఎత్తు లేచి విరిగిపడే ఆ నీళ్లు! బాపమ్మ అక్కడే ఆగిపోయింది. "గిదేంది నర్సిగా, గిట్ల మీదికొస్తుంది? గీ నీళ్లల్ల మనిషి దిగుతడా?" అంది. కొంతదూరంలో జనం అలల్లోనే ఎగురుతున్నారు, అరుస్తున్నారు. బాపమ్మ వాళ్లను కూడా అనుమానంగానే చూసింది. తాగి ఉంటారని తేల్చింది.

కాక నవ్వి, "ఏం గాదవ్వా. మీరు గీడ ఇసుకల కూసోండ్రి, చాయ్ పట్టుకొస్త" అని కొబ్బరిచెట్ల వైపు పోయాడు. మాలో మరాఠీ వచ్చింది ఆయనొక్కడికే.

మేం కూర్చోలేదు. లచ్చత్తకు కాళ్లు నిలవడం లేదు. ఇంత దూరం వచ్చి నీళ్లు ముట్టకుండా పోతామా అని బాపమ్మను బతిమాలింది. బాపమ్మ సరేనని, చెరువుగట్టు మీద లచ్చత్త నిలబడ్డట్టే నిలబడి, కళ్ల మీద చెయ్యి పెట్టుకుని సముద్రాన్నంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. చూసి, చూసి, ఒకచోట ఆమె చెయ్యి ఆగింది. "అగో, గాడ! గాడ నిమ్మలమున్నది చూడు." నిజంగానే ఉంది. అటూ ఇటూ తెల్లగా అలలు విరిగి పడుతున్నాయి. నడుమ ఒక బాటలాగా, కొంచెం నల్లగా, నురగ లేకుండా, ముడత లేకుండా నీళ్లు ఊరికే ఉన్నాయి. జనం కూడా లేరు. లచ్చత్త ముఖం విప్పారింది. "గిదీ జాగ అంటే!" అంది. నూలు జాడించే కన్ను కదా, చూడగానే గుర్తుపట్టింది.

మేం అక్కడికి నడుస్తుంటే ఇసుక మీద చేపలు ఎండబెడుతున్న ఒక ఆడమనిషి లేచి నిలబడింది. మాకేసి ఏదో అరిచింది. కచ్చకట్టు చీర, ఎండకు నల్లబడిన ముఖం, పెద్ద గొంతు. అరుస్తూ చెయ్యి ఊపింది. ఇటు కాదు, అటు, అన్నట్టు పక్కకు విసిరి విసిరి ఊపింది. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బాపమ్మ మూటను ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది. "గామె దిక్కు చూడకుండ్రి. మూట మీద కన్నువడ్డది గామెకు" అంది. లచ్చత్త ఒకసారి వెనక్కి చూసింది. "అవ్వా, ఏమో చెప్తున్నట్టున్నది." "ఏం చెప్తది? గీ జాగ మాది, పైసలియ్యి అంటది. నువ్వు నడువు." మేం నడిచాం. ఆమె ఇంకా అరుస్తూనే ఉంది. ఆ గొంతు వినబడకుండా ఉండాలని బాపమ్మ నన్ను ఏదో పాట పాడమంది.

లచ్చత్త నా చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దిగింది. చల్లగా ఉన్నాయి. చెరువులో దిగినట్టే ఉంది, అలజడి లేదు. కానీ నా పాదాల కింద ఇసుక ఒకేచోట ఉండడం లేదు. మడమల కిందనుంచి జారి లోపలికి పోతోంది. ఎవరో కాళ్ల కింది చాపను మెల్లగా లాగుతున్నట్టు అనిపించింది. "అత్తా, గుంజుతుంది" అన్నాను. "నీ కాళ్లు పుల్లలోలె ఉన్నయి, గందుకే" అని నవ్వి, నన్ను ఎత్తి ఒడ్డున దింపి, తువ్వాల నా మెడలో వేసింది. "తడవనియ్యకు" అంది. తిరిగి లోపలికి పోయింది. మోకాళ్లు, తొడలు, నడుం. చిలప జాడించినట్టు రెండు చేతులూ నీళ్లలో ఆడించింది. మావైపు తిరిగి నిలబడింది.

అరవలేదు లచ్చత్త. అందుకే మాకు తెలియలేదు. ముఖం మావైపే ఉంది, మనిషి మాత్రం దూరమవుతోంది. కావాలని వెనక్కి నడుస్తోందనుకున్నాం. "చాలు తియ్యి, ఇగ రా!" అని బాపమ్మ కేకేసింది. లచ్చత్త ముఖంలో భయం లేదు. లెక్క తప్పినప్పుడు, దారం ఎక్కడ తెగిందో దొరకనప్పుడు ఆమె ముఖం ఎలా ఉండేదో అలా ఉంది. ముందుకు అడుగు వేయబోయింది. అడుగు దొరకలేదు. చేతులతో నీళ్లను మావైపు తోసుకుంది, ఇంకా గట్టిగా తోసుకుంది. ఎంత తోసుకుంటే అంత దూరమైంది. చేపల మనిషి చేతిలోది పారేసి పరిగెత్తుకొచ్చింది. అప్పుడే కాక చాయ్ గ్లాసులతో వచ్చాడు. ఆమె అరుపు ఆయనకు అర్థమైంది. గ్లాసులు ఇసుకలో పడేసి నీళ్లలోకి ఉరికాడు. ఆ చేపల మనిషే ఆయన్ని రెండు చేతులా పట్టుకుని ఆపింది, తన వాళ్లను కేకేసింది. పడవ పోయింది.

పడవ లచ్చత్తను తెచ్చింది. కానీ తేవలసినంత తొందరగా తేలేదు. ఇసుక మీద పడుకోబెట్టారు. జడ విడిపోయి ముఖమంతా వెంట్రుకలు. ఆ చేపల మనిషి కూర్చుని ఒక్కొక్క పాయా పక్కకు తీసింది, తన భుజం మీది గుడ్డ తీసి కప్పింది. తల కొట్టుకుంటూ మళ్లీ మళ్లీ ఒకే మాట అంది, చెయ్యి అదే మాదిరి పక్కకు విసురుతూ. అప్పుడు కూడా మూట బాపమ్మ చంకలోనే ఉంది.

మేం సిద్దిపేటకు తిరిగొచ్చాక, బాపు మగ్గం గుంటలోంచి లేవకుండానే సంగతంతా విన్నాడు. కాక ఏడుస్తూ చెప్పాడు. ఆ చేపల మనిషి ఏమందో అప్పుడు బయటపడింది. "గాడ నీళ్లు లోపటికి గుంజుతయట అన్నా. అలలొచ్చి తిరిగి పోయే తొవ్వ గదేనట. గాడికి పోకుండ్రి, పక్కకు జరుగుండ్రి, అలలున్న దిక్కు పోండ్రి అన్నదట. సిక్కితె ఒడ్డు దిక్కు కొట్లాడొద్దట, పక్కకు ఈదాలెనట." గోడవైపు తిరిగి పడుకున్న బాపమ్మ లేచి కూర్చుంది.

"అలలున్న దిక్కు పొమ్మన్నదా?"

"అవునవ్వా."

"అబద్ధం! నిమ్మలమున్న కాడ గుంజుడేంది? నువ్వు చాయ్‌కు పోయి పిల్లను ఇడిసిపెట్టినవు. గిప్పుడు కథ చెప్తున్నవు."

బాపు తల ఎత్తలేదు. ఆయన ఎవరి మాట నమ్మాడో నాకు ఎప్పటికీ తెలియలేదు. కాక భీవండి పోయాడు, మళ్లీ మా గడప తొక్కలేదు. అక్కడే పెళ్లి, అక్కడే పిల్లలు, చివరకు అక్కడే పోయాడు. బాపమ్మ బతికినన్నాళ్లూ ఆయన అబద్ధమాడాడనే అంది. అలా అనకపోతే ఆ జాగను వేలు పెట్టి చూపించింది ఎవరో ఒప్పుకోవలసి వచ్చేది. ఇది నాకు పెద్దయ్యాక అర్థమైంది. ఇంట్లో లచ్చత్త పేరు ఆగిపోయింది. ఆమెతోపాటు ఇంకో మాట కూడా ఆగిపోయింది. వీధిలో ఎవరైనా నిమ్మలమేనా అని అడిగితే బాపమ్మ ముఖం తిప్పుకుని "ఏదో, ఉన్నం" అనేది. నాకూ అదే అలవాటైంది. నేను పిల్లలకు చదువు చెప్పాను, కథలు రాశాను, పుస్తకాలు అచ్చువేసుకున్నాను. ఎందులోనూ ఆ మాట పడనివ్వలేదు. మనసులో మాత్రం ఒక పీకులాట. కాక నిజం చెప్పాడా, బాపమ్మ అన్నట్టు కథ చెప్పాడా? నా పాదాల కింద ఇసుక జారింది నిజమే. కానీ నేను పసిదాన్ని. పసిపిల్ల పాదాలను ఎంతవరకు నమ్మాలి?

నిత్య పోయిన మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది. ఫొటో పంపింది. కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఆడపిల్లలంతా ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నవ్వుతున్నారు. వాళ్ల వెనక, అటు తెల్లటి నురగ, ఇటు తెల్లటి నురగ. నడుమ నల్లగా, ముడత లేకుండా ఒక బాట. కింద రాసింది: "అమ్మమ్మా, టెన్షన్ పడకు. నువ్వు చెప్పినట్టే అలలు లేని జాగ దొరికింది. మంది కూడ లేరు. ఎంత నిమ్మలంగ ఉన్నదో చూడు. ఇగ దిగుతున్నం."

నేను ఎన్నడూ అనని ఆ మాట పిల్లకు ఏ వీధిలో అంటిందో! ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. తొందరలో వేరే ఎవరికో పోయింది. మళ్లీ చేశాను. ఎవరో పిల్ల ఎత్తింది. "అమ్మమ్మా, నిత్య నీళ్లల్ల ఉన్నది."

"పిలువు! జెప్పన పిలువు, అమ్మమ్మ సస్తుందని చెప్పు!"

ఏమనిపించిందో ఆ పిల్లకు, అరుస్తూ పరుగెత్తడం వినబడింది. ఆ కాసేపట్లో నేను కూర్చున్నానో నిలబడ్డానో నాకు గుర్తులేదు. నిత్య గొంతు రొప్పుతూ వచ్చింది.

"ఏమైంది అమ్మమ్మా? మోకాళ్లు గూడ మునగలె ఇంక."

"నీ కాళ్ల కింద ఇసుక ఎట్లున్నది?"

"ఇసుకేంది?"

"చెప్పవే! జారుతుందా?"

ఇంకా పాదాల దాకా నీళ్లలోనే ఉన్నట్టుంది, కిందికి చూసుకుంది కాబోలు. "జారుతుంది" అంది. "లోపటికి పోతుంది."

"గుంజుతుందా?"

"... కొంచెం."

"అందరు బయటికి రాండ్రి. ఒక్కరు గూడ ఉండొద్దు. దిగాల్నంటె మంది ఉన్న కాడికి పోండ్రి, అలలున్న కాడికి పోండ్రి, చూసుకునే మనుషులున్న కాడికి పోండ్రి."

"మొన్ననేమో అలలు వద్దని సంపితివి గద!"

"మొన్న చెప్పింది తప్పు. నా మాట ఇను బిడ్డా, నీ కాళ్లు మొక్కుత."

అమ్మమ్మ అలా అనేసరికి పిల్ల బెదిరిపోయింది. "అట్లనకు, వస్తున్న, వస్తున్న" అంది. మిగతావాళ్లను పేరుపేరునా పిలవడం విన్నాను. ఎవరో నవ్వుతున్నారు, ఎవరో విసుక్కుంటున్నారు. విసుక్కోనీ. అందరూ వచ్చారని నిత్య చేత ఒక్కొక్కరి పేరూ చెప్పించుకున్నాకే ఫోను పెట్టాను.

కాసేపటికి ఒక వీడియో వచ్చింది. హడావుడిలో ఎవరిదో గులాబీరంగు రబ్బరు చెప్పు నీళ్లలో ఉండిపోయినట్టుంది. ఆ నల్లటి బాట నడుమ తేలుతోంది. అల లేదు, గాలి లేదు, నీటి మీద కదలికే లేదు. ఆ చెప్పు మాత్రం ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు తిన్నగా లోపలికి పోతోంది. మొదట పిల్లల నవ్వులు వినిపించాయి. "నీ చెప్పు పాయె!" అని ఎవరో అన్నారు. తర్వాత నవ్వులు ఆగిపోయాయి. చెప్పు చిన్నదైంది, చుక్కంత అయింది, కనబడలేదు.

కాక అబద్ధమాడలేదు. కుర్చీలో కూర్చుని పైకే అన్నాను, వినేవాళ్లు ఎవరూ లేకపోయినా అన్నాను. "కాకా, నువ్వు నిజమే చెప్పినవు." ఏడుపు ఆగలేదు నాకు. ఆయన బతికుండగా ఒక్కరమైనా ఆ మాట అనలేదు కదా. ఇసుకలో నిలబడి గొంతు పోయేలా అరిచిన ఆ చేపల ఆడమనిషి పేరైనా మాకు తెలియదు కదా.

అటక మీది పెట్టె నిత్య దించిన చోటే ఉంది. నీలం అంచు తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకున్నాను. అప్పుడే మళ్లీ ఫోను మోగింది. ఈసారి పిల్ల గొంతులో నవ్వు లేదు. వెనక అలల హోరు వినబడుతోంది, జనం కేకలూ వినబడుతున్నాయి.

"అమ్మమ్మా, గా జాగ సంగతి నీకెట్ల ఎరుక? నువ్వు సముద్రమే చూడలేదు గద?"

"చూసిన బిడ్డా" అన్నాను. "కూసో, చెప్త. నాకొక మేనత్త ఉండె. ఆమె పేరు లచ్చిమి."